దీవి దాటని రూపాయి

పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీవిజయపురం) ఎదుటి ఒడ్డున, కొండ కింద ఉంది హోప్ టౌన్. పేరులో ఆశ ఉన్నా ఒకప్పుడిది ఖైదీల స్థావరం. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపింది ఇక్కడి రేవులోనే.

నాణేలు సేకరించేవారికి ఆ కాలపు ఆనవాలు మరొకటుంది. 1861లో, మళ్లీ 1866లో ప్రభుత్వం అండమాన్ కోసం రాగి రూపాయి టోకెన్లు ముద్రించింది. ఒకవైపు విక్టోరియా రాణి బొమ్మ, నడుమ బెజ్జం. వెండి రూపాయి చేతికొస్తే పారిపోయే ఖైదీకి దారిఖర్చవుతుంది. ఈ రాగి బిళ్ల దీవి దాటితే చెల్లదు.

బైబిల్ కాలపు నాణేల కథ వేరు. పన్ను కట్టాలా అని అడిగినవారిని ఏసు తెమ్మన్న దేనారం తిబెరి కైసరుదని చాలామంది పండితుల భావన. ఆ చక్రవర్తి దేనారాలు సముద్రం దాటి నల్గొండ జిల్లా అక్కెనపల్లి దాకా వచ్చాయి. అక్కడ దొరికిన రోమన్ వెండి నాణేలు 1,531. వాటిలో చాలావాటిపై గాట్లున్నాయి. ఇక్కడివారు చూసుకున్నది కైసరు ముఖం కాదు, వెండి అనిపిస్తుంది.

రెండు నాణేల మీదా పాలకుల తలలే. వెండి ఉన్న తల ఖండాలు దాటింది. రాగి తల మాత్రం కాపలా ఉన్నంత మేరే చెల్లింది. హోప్ టౌన్ రేవులో ఆ కాపలా కూడా వైస్రాయ్‌ని కాపాడలేకపోయింది.