బొమ్మ ముందు... కట్టడం తర్వాత!

రోమ్ వెళ్లినవాళ్లు కొలోసియం చూస్తారు, వాటికన్ చూస్తారు. ఓపిక మిగిలితే కాపిటోలిన్ గుట్ట కూడా ఎక్కండి. వెడల్పాటి వాలుమెట్లు దాటి పైకి చేరగానే మూడు వైపులా మూడు భవనాలు. మధ్యలో గుర్రమెక్కిన మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి. ఆయన చుట్టూ నేలంతా తెల్లరాతి గీతలతో ముగ్గేసినట్టు పన్నెండు కోణాల నక్షత్రం! 'ఆహా, మైకెలాంజిలో' అంటూ అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆలోచన ఆయనదే. కానీ ఆయన పోయింది 1564లో, ముగ్గు పడింది 1940లో, ముస్సోలినీ హయాంలో.

మరి పెద్దాయన మనసులో ఏముందో ఎలా తెలిసింది? ఓ రాగిరేకు బొమ్మ వల్ల.

ఫొటోలు లేని రోజులు కదా. రాగిరేకు మీద నగర దృశ్యాలను సన్నని గీతలుగా చెక్కేవారు, అదీ కుడిఎడమలు తారుమారుగా. గీతల్లోకి సిరా పట్టించి, పైపైన తుడిచేసి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే అచ్చు పడేది. రోమ్‌లో ఈ వ్యాపారానికి ఆంటోనియో లాఫ్రేరి దుకాణం పెట్టింది పేరు. యాత్రికులు నచ్చిన అచ్చులు కొనుక్కుని పుస్తకంగా కుట్టించుకునేవారు.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎతియెన్ దుపెరాక్ 1569లో ఈ గుట్ట బొమ్మ చెక్కాడు, ఎగిరే పక్షికి కనిపించినట్టు. అందులో అన్నీ పూర్తయిపోయి ఉన్నాయి! నిజానికి అప్పటికి ఎడమవైపు భవనమే లేదు. అది లేచింది పదిహేడో శతాబ్దంలో.

అంటే దుపెరాక్ అబద్ధం గీశాడా? నాకైతే అది పెళ్లికి ముందే పంచిన శుభలేఖలా అనిపిస్తుంది. ఊరంతా పంచాక వెనక్కి తగ్గడం కష్టం కదా! మైకెలాంజిలో చేత్తో గీసిన పూర్తి ప్లాను ఏదీ మిగల్లేదు. అచ్చులు మిగిలాయి. తర్వాతివాళ్లు వాటిని చూసే ముగ్గేశారు. అలాగని బొమ్మలో ఉన్నవన్నీ రాలేదు. ఎదుటి భవనం జంటమెట్ల పైన దుపెరాక్ చూపించిన చిన్న మంటపం ఇప్పటికీ లేదు.

ఒక్క చిక్కుంది. కింద నిలబడితే నక్షత్రం మొత్తం ఒక్క చూపులో అందదు. అన్నట్టు ఆ గుర్రం కూడా నకలే, అసలు కంచు విగ్రహం పక్కనున్న మ్యూజియంలో భద్రంగా ఉంది. రోమ్ దాకా వెళ్లలేకపోతే యూరప్ నుంచి వచ్చే బంధువులను ఇటలీ ముద్రించిన యాభై సెంట్ల యూరో నాణెం ఒకటి తెమ్మనండి. దాని మీద అదే గుర్రం, అదే ముగ్గు!