పడుకున్న కుక్కలన్నీ నిద్రపోవు

దీపావళి మర్నాడు షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. ఒకరి ఒళ్లో పామేరియన్, ఇంకొకరి స్కూటరు ముందు తువ్వాలు చుట్టిన నాటు కుక్క. కాకినాడలో ఇరవై ఏళ్లుగా ఇదే చూస్తున్నాను. తలుపు గీకి గీకి గోళ్లు ఊడగొట్టుకున్నవి, గేటు ఊచల మధ్య తల దూర్చి చెవి చీల్చుకున్నవి, ఆరిపోయిందని ఎవరో పడేసిన కాకరపువ్వొత్తి తీగ మీద అడుగేసి అరికాలు కాల్చుకున్నవి. పేలని టపాకాయ కొరికి, వాంతులు చేసుకుని, కాళ్లు చచ్చుబడి వచ్చినవీ ఉన్నాయి. మందుగుండులోని బేరియం ఒంట్లోకి పోతే రక్తంలో పొటాషియం పడిపోతుంది, కండరాలు పట్టు తప్పుతాయి.

గాయానికి కుట్లు వేయడం కాలేజీలోనే నేర్పారు. భయానికి ఏం చేయాలో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అందులో కొన్నేళ్లు తప్పే చేశాను.

అప్పట్లో పండగ రెండు రోజులుందనగా, "డాక్టరు గారండీ, మావాణ్ణి పడుకోబెట్టే బిళ్ల ఏదైనా ఇవ్వండి" అంటూ వచ్చేవారు. ఎసిప్రోమజైన్ ఇచ్చేవాణ్ణి. పండగ వెళ్లాక ఫోన్ చేసి "ఒక్క అరుపు అరవలేదండీ, చక్కగా పడుకున్నాడు" అనేవారు. నేనూ మురిసిపోయేవాణ్ణి.

ఒక ఏడాది రామారావుపేటలో ఓ రిటైర్డు మాస్టారు పండగ రాత్రి ఫలహారానికి పిలిచారు. వాళ్ల ల్యాబ్రడార్‌కి మందు రాసింది నేనే. మెట్ల కింద గోనెపట్టా మీద కాళ్లు బారజాపుకుని పడి ఉంది. "అంతా మీ చలవేనండీ" అన్నారాయన. పలకరిద్దామని వంగి పక్కటెముకల మీద చెయ్యి వేశాను. లోపల గుండె దడదడ కొట్టుకుంటోంది, లెక్కపెడదామంటే అందడం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, మూడో రెప్ప సగం దాకా కమ్ముకొచ్చింది. మూతి కింద గోనె తడిసిపోయింది. వీధిలో లక్ష్మీబాంబు పేలినప్పుడల్లా వీపు మీద చర్మం ఒక్కసారి జలదరించి ఊరుకునేది. లేచి పారిపోదామంటే కాళ్లు రావడం లేదు, అంతే. దాని భయం దానికి అలాగే ఉంది, పారిపోయే దారి మాత్రం నేను మూసేశాను. ఆ రాత్రి మాస్టారింట్లో గారెలు గొంతు దిగలేదు.

ఆ మందు కదలికను ఆపుతుందే గాని ఆందోళన తగ్గించదని, కొన్ని కుక్కల్లో చప్పుడుకి ఉలికిపాటు ఇంకా పెంచవచ్చని తర్వాత చదివాను. ఇప్పుడు చప్పుడు భయానికి దాన్ని ఒక్కదాన్నే ఇవ్వడం మానేశాను. గాబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటివి ఉన్నాయి. వాటినీ వయసు, బరువు, గుండె, కాలేయం చూసుకుని, వారం ముందే ఓ మామూలు రోజున ఒక మోతాదు వేసి చూశాకే రాస్తాను. పండగ నాడు మొదటి టపాకాయ కంటే గంటా రెండు గంటల ముందు కడుపులో పడాలి. వణుకు మొదలయ్యాక వేస్తే సగం ఫలితమూ ఉండదు. బామ్మగారి నిద్రమాత్రలో ముక్క తుంచి పెట్టేవాళ్లున్నారు. వాళ్లను మాత్రం మొహమాటం లేకుండా కోప్పడతాను.

మందు కన్నా ముందు కుక్కకో చోటు కావాలి. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్క 45,000 దాకా వింటుంది. 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాకా మోగే టపాకాయను చట్టమే ఒప్పుకుంటోంది. "బాత్రూంలో దూరి బయటికి రావట్లేదండీ, లాక్కొచ్చి హాల్లో కూర్చోబెడుతున్నాం" అని గొప్పగా చెబుతారు కొందరు. ఇంట్లో పెద్ద కిటికీ లేని గది అదొక్కటేనని మీకంటే ముందు దానికి తెలిసింది, లాగకండి బాబూ! వెంటిలేటరుకి దుప్పటి అడ్డం కట్టి, మీరు కట్టి విడిచిన లుంగీయో చీరో కింద పరిచి, తలుపు ఓరగా వేసి ఉంచండి. బయట టేబుల్ ఫ్యాను హోరుమని తిరగనివ్వండి. సాయంత్రం నాలుగున్నరకే బయట తిప్పుకొచ్చి, ఆరులోపు పెరుగన్నం పెట్టేయండి. మోత మొదలయ్యాక చాలా కుక్కలు ముద్ద ముట్టవు.

దగ్గరికి తీస్తే భయం అలవాటైపోతుందని ఒక పాత మాట ఉంది. నేనూ చాలామందికి చెప్పాను, తప్పు. నిమిరినంత మాత్రాన భయం పెరగదు. ఒళ్లో తల పెడితే పెట్టుకోనివ్వండి. మంచం కింద ఉంటానంటే మంచం పక్కన మీరే నేల మీద కూర్చోండి.

నెల రోజుల ముందు నుంచి ఫోన్లో టపాకాయల చప్పుడు సన్నగా పెట్టి, అన్నం పెట్టే వేళ వినిపించి, మెల్లగా పెంచే పద్ధతి ఒకటుంది. మంచిదే. కొన్ని కుక్కలకు బాగా పనిచేసింది. కాకపోతే ఫోన్లో వాసన, మెరుపు, నేల అదురు రావు. పైగా నెల రోజులు ఓపిక పట్టే యజమానులు అరుదు.

గాయాల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేవి "కుక్క పోయిందండీ" అనే ఫోన్లు. గాంధీనగర్‌లో గోడ దూకిన ఒక కుక్క మూడో రోజు జగన్నాథపురం వంతెన అవతల దొరికింది. మెడపట్టీ మీద మార్కర్‌తో రాసిన ఫోన్ నంబరు ఉండబట్టే దొరికింది. గొలుసుతో కట్టేస్తే పోదు కదా అంటారు. గొలుసుతోనే గోడ దూకి మెడ బిగుసుకుని వేలాడిన కుక్కను నేను చూశాను. కట్టకండి, గదిలో ఉంచండి.

దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 దాకా మాత్రమే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా వీధిలో ఆ గడియారం ఇంకా ఎవరూ చూసినట్టు లేరు. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. సగం సరుకు నాగుల చవితికి దాచిపెడతారు. అందుకే దీపావళి అయిపోగానే మందు ఆపేయకండి అని చీటీ మీద ఎర్ర సిరాతో రాస్తాను.

ఇదంతా ఇల్లున్న కుక్కల సంగతి. వీధి కుక్కకు బాత్రూమూ లేదు, దుప్పటీ లేదు. పండగ రాత్రి మీ కారు కిందికో మెట్ల కిందికో ఒకటి దూరితే కర్ర తియ్యకండి. ఓ చిప్పలో నీళ్లు పెట్టి, తెల్లారేదాకా అక్కడే ఉండనివ్వండి.