ఇంటిపట్టు

పెళ్లిచూపుల్లోనైనా ఇంత తరచి చూడరు! 2023 అక్టోబరులో ప్రో కబడ్డీ వేలానికి ముందు, బెజవాడలో మా ఇంట మావారూ, మరిదీ కూతకెళ్లేవాణ్ణీ, పట్టుపట్టేవాణ్ణీ పక్కపక్కన పెట్టి తూచారు. నా ఓటు పట్టుకే. తీరా వేలంలో, కూతగాడు పవన్ సెహ్రావత్‌కి తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసింది. పట్టులో మొనగాడు, ఇరాన్ కుర్రాడు షాద్లూకి పుణె జట్టు 2 కోట్ల 35 లక్షలిచ్చింది.

2024 మార్చిలో కప్పు పుణెదే! మనవాళ్లు 22 ఆటల్లో రెండే నెగ్గి, 12 జట్లలో అడుగున మిగిలారు. పవన్ లోటేం లేదు. కూతగాడు తెచ్చిన పాయింట్లు నిలవాలంటే వెనక పట్టుండాలిగా!

ఎంతైనా కబడ్డీవాళ్లే నయం. పట్టుకీ కోట్లలోనే వెల కట్టారు. మరి, తెచ్చిన జీతం నెలాఖరుదాకా జారిపోకుండా చూసే మన ఇంటిపట్టుకి ఎవరు కడతారు వదినా, వెల?