మేము కొన్న పాత యిల్లు

31 సంవత్సరములు అద్దె యిండ్లలో కాపురము చేసినదానికి సొంత యిల్లనగా నెంత ఆశ యుండునో మీలో పలువురకు తెలియును. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. బదిలీ యైన చోటికెల్ల సామాను మూటగట్టుకొని పోవుటయే నా గృహకృత్యములలో మొదటిది. అట్లు 11 ఇండ్లు మారితిమి. పటము తగిలించుటకు గోడకొక మేకు కొట్టవలెనన్నను ఇంటిగలావిడ యనుమతి కావలసియుండెడిది. 2016వ సంవత్సరమున వారు పదవీ విరమణ చేసిన పిమ్మట, పట్టిసీమలో ఒక పాత మండువా లోగిలి అమ్మకమునకు వచ్చినదని విని చూడబోయితిమి.

రాజమహేంద్రవరమున వంతెన దాటి, కొవ్వూరినుండి గోదావరి వెంబడి తాళ్లపూడి, గూటాల గడచిన పట్టిసీమ వచ్చును. నదీమధ్యమున దేవకూటాద్రిపై వీరభద్రస్వామి యాలయము. ఊరిచెంత 2015లో నెలకొల్పిన ఎత్తిపోతల పథకపు 24 పంపులు గోదావరి నీటిని కృష్ణకు పంపుచుండును. అంతటి నది ప్రక్కన కాపురముండవలెనని నాకు చిన్ననాటి కోరిక.

కాని యింటిని చూచునప్పటికి నా మనస్సు క్రుంగినది. వీధి యరుగుపై జిల్లేళ్లు మొలచియుండెను. మండువాలోనికి వాలిన పెంకుటి కప్పు ఒక మూల కూలి ఆకాశము కనబడుచుండెను. వంటయింటి గోడ పగులులో రావి మొక్క వేరూనినది. గదులనిండ గబ్బిలముల కంపు. టేకు స్తంభములు మాత్రము చెక్కుచెదరక నిలిచియుండెను. ఏజెన్సీ యడవుల కలపను తెప్పలుగా కట్టి గోదావరిలో దింపుకొని వచ్చిన కాలపు కట్టడమది. అది పూర్వము కరణముగారి యిల్లు. 1984లో కరణీకములు రద్దయిన తరువాత కుమారులు ఉద్యోగములకై పట్టణములు చేరిరి. కాలక్రమమున వారును గతించిరి. తలుపునకు తాళము పడినది.

“దీనిని పడగొట్టి చిన్న శ్లాబు యిల్లు కట్టుకొందము” అని మా వారి యభిప్రాయము. పడగొట్టి శిథిలములు మోయించుటకే చేతిలోని సొమ్ము చాలవరకు కరగిపోవునని నేను లెక్క చూపితిని. ఆ సొమ్ములో నా 6 కాసుల గొలుసు అమ్మిన పైకము కూడ నున్నది గనుక నా మాటకు కొంత విలువ దక్కినది.

ఇచ్చట గృహిణులకొక మాట మనవి చేసెదను. ఇల్లు కొనునప్పుడు ఋణభార పత్రము తెప్పించుట అందరును చేయుదురు. వారసులలో ఆడుబిడ్డలున్నారా యని యడుగువారు తక్కువ. మాకు అమ్మజూపినవారు కరణముగారి మనుమలిద్దరు. ఆయనకు కుమార్తె యొకరున్నారనియు, గూటాలలో కాపురమనియు ప్రక్కయింటివారి వలన తెలిసినది. “మా మేనత్తకు పెండ్లినాడే అన్నియు ఇచ్చివేసినారు” అని వారి సమాధానము. కరణముగారు వీలునామా వ్రాయక గతించిరి. అట్టి తండ్రి సొత్తులో కుమార్తెకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే పాలు కల్పించినది. 1985లో మన రాష్ట్రమునను, 2005లో దేశమంతటను వచ్చిన సవరణలు ఆడుబిడ్డల హక్కును మరింత బలపరచినవి. ఆమె సంతకము లేనిదే సొమ్మీయనని నేను పట్టుబట్టితిని. నెల దినములు బేరము నిలిచిపోయినది. మా వారు సయితము విసుగుకొనిరి. తుదకామె కచేరికి వచ్చి సంతకము చేసి తన భాగము పుచ్చుకొనిరి. నాతో మాత్రము ఒక్క మాటయు ఆడలేదు. తన పుట్టినింటిని కొన్నదానితో ఆమె యేమి మాటలాడును?

మొదటి వేసవిలో కప్పు సవరించితిమి. క్రొత్త పెంకుల గాడి పాతవాటితో కుదరదు. అందుచేత పడగొట్టిన యిండ్లనుండి పాత మంగుళూరు పెంకులు ఏరి తెప్పించితిమి. తరువాత గోడల పని. సిమెంటు పూత పూసినచో నూరేండ్లు చూచుకొన నక్కరలేదని మేస్త్రీ యొకడు చెప్పెను. నేనును నమ్మితిని. నున్నగా తెల్లగా మెరయు గోడలను చూచుకొని నాలుగు నెలలు మురిసితిమి. వానకాలము వచ్చెను. గోడల యడుగున మూరెడెత్తు చెమ్మ యెక్కెను. ఉప్పు పొర తేలెను. పూత బుడ్డలు బుడ్డలుగా పొంగి పెచ్చులూడిపడెను. 80 వేల రూపాయలు మట్టిపాలైనవి. “నా మాట వినియుంటివా?” అని మా వారు అనలేదు. అనకపోవుటయే నాకు మరింత బాధయైనది.

ఆ కార్తికమాసమున దేవుని దర్శించి పోవుచు, గూటాల పిన్నిగారు మా వీధిలో నిలిచి యింటివంక చూచుచుండిరి. నేను యరుగు దిగి, “పిన్నిగారూ, లోపలికి దయచేయండి” అని చేయి పట్టుకొని తీసికొని వచ్చితిని. ఆమె మౌనముగా గదులన్నియు తిరిగి, గోడపై చేయివేసి నిలిచిపోయిరి.

“గోడకి ఊపిరాడకుండా చేశావేమిటే అమ్మాయీ!” అనిరి.

అంతకుమించి శాస్త్రము మాకెవ్వరును చెప్పలేదు. ఆ గోడలు మట్టి యడుసుతో పేర్చిన యిటుకలవి. నేలలోని తేమ వానిలో పైకెక్కుచుండును. సున్నపు పూతయైనచో ఆ తేమను వెలికి పోనిచ్చును. సిమెంటు పూత దానిని లోపలనే బంధించును. బంధింపబడిన నీరు గోడను తినివేయును. పిన్నిగారి చిన్నతనమున వాకిటిలో గానుగ వేసి, ఎద్దులచే రాతిచక్రము త్రిప్పించి, సున్నమును ఇసుకను నూరెడివారట. బెల్లపు నీరు, కరకకాయలు నానవేసిన నీరు కలిపెడివారట. మాకు గానుగ దొరకలేదు. సున్నము తెచ్చి చాల దినములు నానవైచి, సన్నని యిసుకతో త్రొక్కించి, ఆమె చెప్పిన పాళ్లలో బెల్లము, కరకకాయల నీరు చేర్చి, ఒక్కొక్క వేసవికి రెండేసి గదుల చొప్పున పూయించితిమి. మూడు వేసవులు పట్టినది. చెమ్మ తగ్గినది.

ఆమె నెలకొకసారి వచ్చుట మొదలుపెట్టిరి. వడ్రంగిచే స్తంభములకు చిత్రిక పట్టింపబోవుచుండగా వారించి, వానిలో ఒకదానిపై, నా నడుముకంటె నెత్తున, ఒక గాటు చూపిరి. 1986 ఆగస్టు వరదనీరు అంతవరకు వచ్చినదట. ఆమె యన్నగారు కత్తితో పెట్టిన గురుతది. మరియొకనాడు మండువాలోని తూము చూపి, “వానకి ఇది తెరిచి ఉండాలి, వరదకి మూసెయ్యాలి. వాననీరు పోయే దారినే ఏటినీరు ఇంట్లోకి వస్తుంది” అనిరి. ఆ తూము నోటికి సరిపోవు చింతకొయ్య బిరడా అటకమీద నుండునని కూడ చెప్పిరి. వెదుకగా దొరకినది.

ఒక్క సంగతి దాచక చెప్పవలెను. ఆమె యెప్పుడును “మా యింట్లో” అనియే అనెడివారు. “మా యింట్లో పొయ్యి ఇటుండేది, మా యింట్లో తులసికోట అక్కడుండేది.” విన్నప్పుడెల్ల నాకు మనస్సు చివుక్కుమనెడిది. సొమ్మిచ్చినది మేము. చెమట కార్చినది మేము. అయినను ఆ యింట నేను పండ్రెండవ అద్దెయింటి దానివలె నుంటిని. ఊరివారికిని మేము “పాడుకొంప కొన్నవారము” గానే యుంటిమి.

2022 జూలైలో వరద వచ్చెను. భద్రాచలమున 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక. 16వ తేదీన అచ్చట నీరు 71 అడుగులు దాటినది. ధవళేశ్వరమున 25 లక్షల క్యూసెక్కులకు పైబడి ప్రవహించినది. భద్రాచలపు నీరు మా యెదుటికి వచ్చుచున్నదని తెలిసిన ఆ రాత్రి మాకు నిదుర లేదు. గట్టు నిలుచునో నిలువదో యెవ్వరు చెప్పగలరు? చింతకొయ్య బిరడాకు గోనెపట్టా చుట్టి, బంకమట్టి మెత్తి, మా వారును నేనును తూము మూసితిమి. బియ్యము, పప్పులు, దస్తావేజులు, మందులు గాటునకు పైయెత్తున చేర్చితిమి. మండువాలో పడిన వాననీటిని వంతులవారీగా బాల్చీలతో తోడి పోసితిమి. పల్లపు వీధిలోనివారు బిడ్డలతో, బియ్యపు మూటలతో మా యరుగుల మీదికి వచ్చిరి. పెద్ద గుండిగతో పులగము వండితిని. వీధిలోని నీరు మా రెండవ మెట్టువరకు వచ్చి, ఒక పగలు ఒక రాత్రి అచ్చటనే యుండి, మెల్లగా తీసినది. ఇంటిలోనికి చుక్క రాలేదు. సున్నపు గోడలు ఒక నెలలో ఆరిపోయినవి.

మరుసటి సంవత్సరము, 2023 ఫిబ్రవరి 18న మహాశివరాత్రి. తిరునాళ్లకు ఊరు పట్టకుండ జనము. యిసుకతిన్నెలు నడచి, పడవ దాటి, స్వామిని సేవించుకొని పిన్నిగారు సాయంకాలమునకు అలసి మా యింటికి వచ్చిరి. స్తంభమునకు చేరగిలబడి చాలసేపు కూర్చుండి, తరువాత నెమ్మదిగా అనిరి:

“అమ్మాయీ, ఈ రాత్రి జాగారం మీ యింట్లో చేస్తానే.”

“మీ యింట్లో” అను ఆ మాటకై నేను 7 సంవత్సరములు కాచుకొనియుంటిని. విన్న తోడనే సంతోషము కలుగవలసినది. కాని నా కన్నులు చెమర్చినవి. “పుట్టింటికి వచ్చిన ఆడపడుచు అడగాలా పిన్నిగారూ!” అంటిని.

మరునాడు ఉదయమున ఆమె బయలుదేరునప్పుడు చీర పెట్టి, వీధి గుమ్మమువరకు సాగనంపితిని. ఆమె రెండడుగులు వేసి వెనుదిరిగి, “వానలు రాకముందు తూములో మట్టి తీయించు, మరచిపోయేవు” అని హెచ్చరించి వెళ్లిపోయిరి.

మరువలేదు. ఏటేట మొదటి వానకు ముందు, వారు పార తెచ్చునంతలో, కొంగు బిగించి నేనే తీయుచున్నాను.