నీటి చదువు

గోదావరి పేరు విననివారు మనలో లేరు. అయినను మనమెరిగిన గోదావరి రేవుమెట్ల గోదావరి. కార్తికమున దీపము విడుచుటకును, పుష్కరమున స్నానమాడుటకును, బిందెడు నీరు తెచ్చుకొనుటకును మెట్లు దిగుదుము. మోకాలిలోతున నిలిచి, మూడు మునుగులు మునిగి, వెనుకకు మరలుదుము. ఆ మోకాలిలోతు దాటిన పిమ్మట నది యెచ్చట నిలుచునో, యెచ్చట దుముకునో, యెచ్చట సుడి తిరుగునో మనకు దెలియదు. తెలిసికొనవలసిన యగత్యమును మనకు గలుగుట లేదు.

ఈ సంవత్సరము సంక్రాంతి సెలవులలో దుమ్ముగూడెము దిగువనుండి భద్రాచలము వరకు, జాలరులు చేపలు పట్టుచు పోవు దోనెలో ఒక పగలెల్ల ప్రయాణము చేయు నవకాశము మాకు లభించినది. మేము శాకాహారులము, కావున చేపల రుచిని గూర్చి వ్రాయుటకు మాకర్హత లేదు. ఆ దినమున మేము కన్నులార చూచిన యొక విద్యను గూర్చి మాత్రము చెప్పవలెనని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

త్ర్యంబకము వద్ద పుట్టిన గోదావరి సముద్రమును జేరులోపల 1465 కిలోమీటర్లు నడచును. ఆ నడకలో దుమ్ముగూడెము వద్ద నదికి రాతిగడప యొకటి యడ్డుపడినది. శ్రీరాముడు సంహరించిన ఖరదూషణాది పదునాలుగువేల రాక్షసుల బూడిద దిబ్బపై వెలసినది గనుక ఆ యూరికి దుమ్ముగూడెమను పేరు గలిగెనని స్థలపురాణము. ధవళేశ్వరమున ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, ఆంగ్లేయ ఇంజనీరులు నాగపురము వైపు ప్రత్తిని పడవలమీద సముద్రమునకు దింపవలెనని తలచిరి. దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, దేవలమర్రి యను మూడు తావుల రాళ్ళు వారి దారికడ్డు నిలిచెను. దుమ్ముగూడెమున ఆనకట్ట కట్టి, ప్రక్కగా కాలువ త్రవ్వి, తలుపులమర్చి, ఎన్నియో యేండ్లు శ్రమించి, తుదకు 1871లో ఆ పనిని విడిచిపెట్టిరి. రైలుబండ్లు వచ్చుటతో ఆ పడవదారి యవసరము తీరిపోయెను. దొరల పెద్ద పడవలకు లొంగని యా రాళ్ళ నడుమ జాలరుల చిన్న దోనెలు మాత్రము నేటికిని రాకపోకలు సాగించుచున్నవి.

వానకాలమున ఈ రాళ్ళు కనబడవు. 1986 ఆగస్టు 16వ తేదీన భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జులై 16వ తేదీన 71.3 అడుగులకును ఎక్కెను. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే యిత్తురనిన, ఆ వరదల తీరు మీరే యూహించుకొనవచ్చును. మార్గశిరపుష్యములు వచ్చునప్పటికి నది చిక్కి, నీరు తేటపడి, నల్లని బండలు బయటపడును. అప్పుడు రాళ్ళ నడుమ నీరు సన్నని పాయలై, వాలుపట్లను ఉరవడితో దుముకుచుండును. చలికి చేపలు మందగించును. చేప యొడలికి సొంతవేడిమి లేదు. నీరు చల్లబడినచో అదియు చల్లబడి, ఎక్కువ తిరుగక లోతు మడుగులలో నణగి యుండును. అందుచేత జాలరులు తెల్లవారుజామున తొందరపడక, పొద్దెక్కి నీటికి కొంచెము వెచ్చదనము తగిలిన పిమ్మట వలలు విసరుదురు.

మేమెక్కిన దోనె ఒక్క మానును తొలిచి చేసినది. వెడల్పు రెండు మూరలకు మించదు. నడుమ నొక్కరు ముడుచుకొని కూర్చుండవచ్చును. లేచి నిలిచినచో బోర్లపడుట నిశ్చయము. తొలుత రెండు దోనెలను జతగట్టి మమ్మును, మావారిని కూర్చుండబెట్టిరి. వడినీరు సమీపింపగానే కట్లు విప్పి వేరుచేసిరి. ఇరుకుదారిలో జంటదోనె పట్టదట.

నేడు అమెరికా మొదలగు దేశములలో కయాకను చిన్నదోనె నెక్కి, చలికాలమున వడినీటి నదులలో చేపలు పట్టుట గొప్ప వేడుక. ఆ కయాకును మొదట కల్పించినవారు ఉత్తరధ్రువ ప్రాంతమున మంచునేలలలో వసించు ఇన్యుయిట్ జనులు. అచ్చట చెట్లు లేవు; సముద్రపుటలలు తెచ్చిన కొయ్యతో చట్రము గట్టి, సీలు మృగపు తోలు దానికి కప్పుదురు. చట్రము కట్టుట పురుషుల పని. తోలును నీరు చొరకుండ కుట్టుట స్త్రీల పని. ఆ కుట్టు పిగిలినచో వేటకేగిన మగడు తిరిగి రాడు. సూదితో పని చేయు మనకు ఈ మాట యొకసారి తలచుకొనదగినదని తోచును.

మా దోనెలో ముందువైపున విసురువల పట్టి నిలిచినవాడు భర్త. వెనుక తెడ్డు పట్టినది భార్య. నడుపునది ఆమెయే. భర్త నీటికేసి చూచినప్పుడు చేపలకొరకు చూచును. ఆమె చూచినప్పుడు దారికొరకు చూచును. మొదటి వాలు సమీపించునప్పటికి నీటిమ్రోత వినబడి మాకు గుండెలు దడదడలాడెను. లైఫ్ జాకెట్లు తొడిగికొనియే యుంటిమి. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి అనేకులు మరణించిన సంగతి గోదావరితీరమున నెవరును మరువలేదు. ఆ నౌకను అక్టోబరు మాసమున లంగరులతో, ఇనుపత్రాళ్ళతో పైకి లాగినవారు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందమువారు. నీటితో జీవితమంతయు మెలగినవారి నేర్పు ఆ పనిని సాధించినది.

ఆమె మాతో, "నీళ్ళల్లకు వంగమాకమ్మా. నడుమ కూసోని గట్టిగ పట్టుకో. సప్పుడుకు భయపడమాక, సూపుతోని సూడు" అనెను. పిమ్మట తెడ్డు కొనతో చూపుచు, "ఆ నున్నగ నాలిక లెక్క కిందికి పోతున్నది సూడు, అది బాట. ఈడ నీళ్ళ మొన మన దిక్కు తిరిగింది సూడు, దాని కింద బండ ఉన్నది" అనెను. చూచితిమి. రెండు బండల నడుమ నీరు నునుపుగా, దిగువకు మొనదేలి సాగుచుండెను. వేరొకచోట నీటి మొన మావైపునకు తిరిగి, దాని వెనుక నురుగు రేగుచుండెను. ఆమె చెప్పిన పిమ్మట మాకును ఆ భేదము స్పష్టముగా గోచరించెను. ఆ నాలుకమీదనే దోనె జారిపోయినది. ఒక్క రెప్పపాటు కడుపులో దిగులు, మొగమున చల్లని తుంపర, అంతే. దిగువనున్న పెద్దబండ వెనుకకు ఆమె దోనెను త్రిప్పి నిలిపెను. ఎదుట నీరు పరుగెత్తుచుండగా ఆ బండచాటున మడుగు నిశ్చలముగా నుండెను. ప్రవాహము కొట్టుకొని తెచ్చు మేతకొరకు చేపలును అచ్చటనే వేచియుండునట. వల పడినది. మోసులు రెండు, జెల్ల యొకటి, బొమ్మిడాయిలు కొన్ని వచ్చినవి. పిడికెడంత పిల్లలను ఆమె యేరి మరల నీట విడిచెను.

మధ్యాహ్నము నడుమనున్న ఇసుకతిన్నెపై ఆగితిమి. మా పులిహోర మేమును, వారి సద్దియన్నము వారును భుజించితిమి. చిన్నతనమున మా తండ్రిగారు మాకు భారతము చెప్పుచు, దాశరాజు నింట పెరిగిన సత్యవతి యమునలో నావ నడిపి జనులను దాటించెడిదని చెప్పిన సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ కథలో పరాశరుని గూర్చియు, వ్యాసుని గూర్చియు, శంతనుని గూర్చియు మేమెన్నో సంగతులు నేర్చితిమి. ఆమె తెడ్డు ఏ చేత పట్టెనో, వడి యెట్లు దాటెనో ఎవరు నడుగలేదు, ఎవరును చెప్పలేదు. కురువంశమునకు మూలపుటమ్మ యైన యామె చేతులు తెడ్డు పట్టి కాయలు గాచియుండునని ఈమె చేతులు చూచిన పిమ్మటనే మాకు తోచినది.

వారి కూతురు ఆశ్రమపాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్నది. సెలవులకు వచ్చి రెండవ దోనెలో తాతకు తోడుగా తెడ్డు వేయుచుండెను. దారిలోని బండలన్నింటికిని ఆ పిల్లకు పేర్లు తెలియును. ప్రక్కప్రక్కనే యుండి ఎన్నడును తాకని రెండు బండలు అత్తాకోడళ్ళు. వరద తీయగానే మొట్టమొదట తల యెత్తునది పెద్దముత్తైదువ. దోనెలను తరచుగా గీరునది దొంగపిల్లి. ఈ పేర్లు తల్లికి ఆమె తల్లి చెప్పినవి.

తిన్నెమీద కూర్చున్నప్పుడు ఆ తల్లి మావారివైపు చూడకుండ మాతో నిట్లనెను: "అమ్మా, మీరు సదువుకున్నోళ్ళు. ఈ నీళ్ళు రేపు నిలబడిపోతయంటున్నరు. నిలబడ్డ నీళ్ళకు ఈ సదువెందుకు? నా బిడ్డకు ఇది నేర్పాల్నా, ఇడిసిపెట్టి బడి సదువే సదివియ్యాల్నా?"

ఆమె భయము నిరాధారము గాదు. పోలవరము వద్ద కట్టుచున్న ఆనకట్టకు పూర్తి నీటిమట్టము 150 అడుగులు. దాని ముంపు నిమిత్తమై కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు మొదలగు మండలములను 2014లో ఆంధ్రప్రదేశమున కలిపిరి. ఎగువన దుమ్ముగూడెము పాత ఆనకట్ట సమీపముననే సీతమ్మసాగరమను మరియొక ఆనకట్ట తలపెట్టబడినది. సేద్యమునకు నీరు వలయును, దీపములకు విద్యుత్తు వలయును. మన యిండ్లలోను ఆ దీపములే వెలుగుచున్నవి. కావున ఆనకట్టలను నిందించుట మా యుద్దేశము గాదు. అయినను పారెడు నీరు వేరు, నిలిచిన నీరు వేరు. బొచ్చె, శీలావతి, మోసు అను చేపలు చెరువులలో చక్కగా పెరుగును గాని, పారెడు వరదనీరు లేనిదే తమంతట గ్రుడ్లు పెట్టవు. 1957 జులై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అళికుంజి యను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసము నెక్కించి వానిచేత గ్రుడ్లు పెట్టించువరకు, చెరువులలో వేయు చేపపిల్లలను నదులనుండియే పట్టి తేవలసి యుండెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన పిమ్మట సముద్రమునుండి ఎదురీది వచ్చు పులస పైకి వచ్చుట అరుదైనది. నీరు ఆగినచో దానితో నడచునవి కొన్ని ఆగిపోవును. మనుష్యుల నేర్పును వానిలో నొకటి.

ఆ తల్లి ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేదు. మావారు బడిపంతులగుటచే ఆ ప్రశ్న మా యింటికే వచ్చినట్లుండెను. బడి చదువు మానిపింపుమని యెట్లు చెప్పుదుము? పిల్లను కాపాడునది అదియే కావచ్చును. తెడ్డు విడిపింపుమనియు నోరాడలేదు. ఇరువదియేండ్లు నీటిని చూచి నేర్చిన చూపు ఒక్క తరము విడిచినచో మరల దొరకదు. ఏ పుస్తకమందును అది లేదు. తుదకు, "రెండును నేర్పవమ్మా. నీరు నిలుచునో పారునో మన చేతిలో లేదు. పిల్ల చూపు మాత్రము నీ చేతిలోనున్నది" అంటిమి. ఆమె తల యూచెను. ఒప్పుకొనెనో, మర్యాదకు తల యూచెనో మేమెరుగము.

పొద్దు వాలునప్పటికి భద్రాచలము రేవు చేరితిమి. దిగుటకు ముందు మా సంచిలోని నోటుపుస్తకమును ఆ పిల్ల చేతికిచ్చి, బండల పేర్లు, మడుగుల పేర్లు వరుసగా వ్రాయుమంటిమి. తల్లి చెప్పుచుండగా కూతురు వ్రాసినది. ఇరువదిమూడు పేర్లు వచ్చినవి. మూడింటియొద్ద తల్లి కూతురిని సరిదిద్దెను. రెండింటియొద్ద కూతురు తల్లికి గుణింతము చెప్పెను. పుస్తకము వారియొద్దనే విడిచితిమి.

నదీతీరమున నివసించు సోదరీమణులారా! మీ యింటికి చేపలో, పాలో, కట్టెలో, కూరలో తెచ్చు స్త్రీలలో నిట్టి విద్య గలవారుందురు. తీరికవేళ ఒక్కమారు వారిని కూర్చుండుమని, మీ రేవున రాళ్ళకు, మడుగులకు, సుడులకు గల పేర్లడుగుడు. వారి బిడ్డచేతనో, మీ బిడ్డచేతనో వ్రాయించి యుంచుడు. మీ యాడుపిల్లలకు ఈత నేర్పించుడు. మోకాలిలోతు దాటిన నీరు వారికైనను తెలియవలెను.