యాభై దాటాక గుర్రం ఎక్కా

నా చేను వాగు అవతల, అడవి అంచున ఉంది. వానాకాలం దారంతా బురద, బండి పోదు. విశాఖ మన్యంలో పాడేరు, జి.మాడుగుల వైపు రోడ్డు లేని కొండ ఊళ్ళోళ్ళు గుర్రాల మీదే సంతకు పోయొస్తారు. అది చూసే ఈ వయసులో గుర్రం కొన్నా.

మొదటి వారం ఎక్కనే లేదు. మేత వేయటం, ఒళ్ళు రుద్దటం, కళ్ళెం పట్టుకుని నడిపించటం, అంతే. గుర్రానికి రెండు పక్కలా బాగా కనపడుద్ది, సరిగ్గా వెనక మాత్రం కనపడదు. చప్పుడు లేకుండా వెనక నుంచి పోతే బెదిరి తన్నుద్ది. మాట్లాడుకుంటా భుజం పక్క నుంచి పోవాలి.

రెండో వారం దొడ్లోనే ఎడమ పక్క నుంచి ఎక్కటం, దిగటం. మూడో వారం వాగు ఒడ్డు దాకా.

వాగు దగ్గర రెండు రోజులు అది మొరాయించింది. నాకూ గుండె దడే. మనం బిగుసుకుని కళ్ళెం లాగితే ఆ భయం దానికీ పాకుద్ది. మూడో రోజు కళ్ళెం కొంచెం వదులు చేసి, మడమలు కిందికి దించి, చూపు అవతలి ఒడ్డు మీద పెట్టా. మోకాలి లోతు నీళ్ళల్లో మెల్లగా దాటించింది.

మీరూ నేర్చుకోవాలనుకుంటే వారానికి ఒక్క పనే పెట్టుకోండి. ఎక్కడ ఆగాలో కూడా ముందే అనుకోండి. నీళ్ళు మోకాలు దాటితే నేను ఇప్పటికీ వెనక్కే తిరుగుతా. పైన గుర్రం మీద కూర్చున్నామని వాగుకి తెలవదు కదా.