సైకిలు టైర్లూ, అక్కయ్య మందూ

సైకిలు టైర్ల మీద కూడా వ్యాసమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చును. కిందటి యేడు మే నెల దాకా మేమూ అలాగే నవ్వేవాళ్లం.

మేము శక్తినగర్ కాలనీలో స్థిరపడి చాలా కాలమైంది. కృష్ణ ఒడ్డున వున్న యీ విద్యుత్కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో పని ప్రారంభించింది. క్రమంగా యెనిమిది యూనిట్లు, 1720 మెగావాట్లు అయినవి. పనికోసం వచ్చి, పిల్లలు కన్నడం చదువుకోగా, మావంటి వాళ్లం యిక్కడే వుండిపోయాము. మా అక్కయ్య మాత్రం కాలనీలో వుండనంది. ఆరు కిలోమీటర్ల దూరాన పొలంలో రెండు గదుల యింట్లో ఒంటరిగా వుంటున్నది. డెబ్బై రెండేళ్ల మనిషి. చక్కెర వ్యాధి. రోజూ ఇన్సులిన్ సూది పడాలి.

అక్కడ వోల్టేజి నిలకడ లేక ఫ్రిజ్ రెండుసార్లు చెడింది. ఇక్కడి వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఇన్సులిన్ సత్తువ పోతుంది. అందుచేత సీసాలు మా యింట్లో వుంచి, ఒక్కొక్కటి అందించే పని మాది. అబ్బాయి స్కూటరు వాడి డ్యూటీకే సరి. మనవడు బెంగుళూరు వెళ్తూ వదిలిపోయిన మౌంటెన్ బైకు మాకు దక్కింది.

ఆ మే నెలలో ఒకనాడు సగం దారిలో రెండు చక్రాలకూ గాలి పోయింది. సర్కారు తుమ్మ ముల్లు! కన్నడిగులు దీనినే బళ్లారి జాలి అంటారు. సీసాను తడిగుడ్డలో చుట్టి, సైకిలు నడిపించుకొంటూ వెళ్లేసరికి రెండు దాటింది. అక్కయ్య అన్నం వడ్డించుకొని, మూతపెట్టి, గుమ్మంలో కూర్చొని వుంది. పాత సీసా ముందునాడే అయిపోయిందట. సూది పడనిదే ముద్ద నోట పెట్టనని ఆమె పట్టుదల.

"ఏరా తమ్ముడూ, యీ ఎండలో నడిచొచ్చావా? ముందు మజ్జిగ తాగు" అన్నది. ఆ మజ్జిగ మాకు గొంతు దిగలేదు.

మరునాడే పరీక్షలు మొదలుపెట్టాము. అదే దారి, అదే బరువు, గాలి మాత్రం కొలిచి నింపడం. మా దారి మూడు రకాలు: కాలనీ తారురోడ్డు, తరువాత ఎర్ర గరుసు, చివర రెండు కిలోమీటర్లు నల్లరేగడి.

మొదట సన్నని గీతల టైరు వేశాము. తారు మీద గాలిలా పోయింది; గరుసు మీద మలుపు తిరగగానే మమ్మల్ని కింద కూర్చోబెట్టింది. రెండవది పెద్ద బొడిపెలు దూరదూరంగా వున్న టైరు. వానలు పడ్డాక దీని విలువ తెలిసింది. రేగడి బంక బొడిపెల సందుల్లోంచి విదిలిపోతుంది. మామూలు సైకిలుకు ఆ బంకే మడ్గార్డులో యిరుక్కొని చక్రాన్ని కదలనివ్వదు. అయితే తారు మీద యిది బరువుగా లాగుతుంది. మూడవది నడుమ చిన్న బొడిపెలు దగ్గరదగ్గరగా, అంచుల్లో పెద్దవి వున్న టైరు. పొడినేల మీద యిదే మేలు.

చివరకు వానాకాలంలో ముందు చక్రానికి రెండవదీ, వెనక దానికి మూడవదీ ఖాయం చేశాము. వెనక చక్రం జారితే కాలు దించి నిలబడవచ్చు. ముందుది జారితే పడడమే. గాలి కూడా యాభై పౌండ్ల నుండి ముప్పై అయిదుకు తగ్గించాము. మెత్తని టైరు నేలను పట్టుకొంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబును కొరుకుతుంది.

ముల్లుకు మాత్రం ఏ బొడిపె అడ్డు కాలేదు. షాపు కుర్రవాడు ట్యూబులో జిగురు ద్రవం పోశాడు. చిన్న కంతలను అది లోపలినుంచే పూడుస్తుంది. కొన్ని నెలలకు యెండిపోతుంది, మళ్లీ పోయాలి. "అయినా పంపు, ప్యాచీలు సంచిలో వుండనివ్వండి సార్" అన్నాడు.

ఇన్ని పరీక్షలు చూసి మా యావిడ ఒక్క మాట అన్నది: "టైరు సంగతి సరే. ఆ సీసా అయిపోయేదాకా ఆగింది ఎవరు?"

జవాబు చెప్పలేకపోయాము. తప్పు ముల్లుది కాదు, మాది. ఇప్పుడు అక్కయ్య సీసాలో పదిరోజుల మందు వుండగానే కొత్తది చేరుతున్నది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మూత వున్న డబ్బాలో సీసా దాస్తున్నాము. నీడలో పెట్టి ఇసుక తడుపుతుంటే లోపల చల్లగా వుంటుంది. పూటపూటా తడిపే బాధ్యత అక్కయ్యది.

మొన్న వెళ్లినప్పుడు సైకిలు చప్పుడు విని బయటికి వచ్చింది. "మందు యింకా వుంది కదరా, యివాళ ఎందుకొచ్చావు?" అన్నది.

"టైర్లు పరీక్షిస్తున్నాం అక్కయ్యా" అన్నాము.

నవ్వి, మాకూ విస్తరి వేసింది.